‘పథేర్ పాంచాలి’: నవల, చిత్రం

అభిమానించిన నవలను తెరమీద చూచి వచ్చిన పాఠకుడు “పుస్తకంలో ఇట్లా లేదే!” అని నొచ్చుకోవడం మనకు తెలిసినదే. విభూతిభూషణ్ బందోపాధ్యాయ వంగభాషలో వ్రాసిన ‘పథేర్ పాంచాలి’ 1929లో గ్రంథరూపం పొందింది. సత్యజిత్ రాయ్ చిత్రం 1955లో వెలువడింది. ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెడితే అట్లా నొచ్చుకొనడానికి తావులు చాలానే ఉన్నవి. రాయ్ గ్రంథాన్ని సరిగా ఎరుగడని అనడానికి మాత్రం వీలులేదు. పిల్లల కోసం వెలువడిన దాని సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసినవాడు ఆయనే. మరి ఎందుకు మార్చినట్లు?

ముసలి ఇందిర్ ఠాక్రూన్ సంగతి చూడండి. నవలలో ఆమె ఆరంభ భాగంలోనే మరణిస్తుంది. అప్పటికి అపు పసికందు. ఆమెతో నిశ్చిందిపురంలో ఒక పాతకాలం ముగిసిందని రచయితే మనకు చెబుతాడు. కెమేరా అట్లా చెప్పలేదు, దానికొక సాక్షి కావాలి. కనుక రాయ్ ఆమె ఆయువును పొడిగించి, అపుకు ఊహ తెలిసిన తరువాత, వెదురుపొదల మధ్య ఆ పిల్లల కంటనే పడవేశాడు. దుర్గ చేయి వేసి కదుపగానే ముసలమ్మ ప్రక్కకు ఒరిగిపోతుంది. రచయిత పలికిన జాలి ఇక్కడ పిల్లల చూపులోనికి మారింది.

రైలు విషయంలో మార్పు ఇంకా సాహసమైనది. నవలలో అక్కాతమ్ములు రైలుదారిని వెదుకుతూ పోయి, దారితప్పి, చూడకుండానే ఇల్లు చేరుతారు. జబ్బుపడిన దుర్గ, నయమైన తరువాత తనకు రైలు చూపించమని తమ్ముణ్ణి అడుగుతుంది. ఆ కోరిక తీరకుండానే కన్నుమూస్తుంది. చిత్రంలోనో, తెల్లని రెల్లుపూల నడుమ రైలు నిజంగానే వస్తుంది! నాకు మొదట ఇది అపచారమనే తోచింది. మరల చూచినప్పుడు గాని గమనించలేదు: పరుగులో దుర్గ పడిపోయి వెనుకబడుతుంది; పట్టాల దాకా చేరేది అపు ఒక్కడే. నవలలోని వెలితి పూర్తిగా పోలేదన్నమాట.

దుర్గ పోయిన సంగతి తెలియక తండ్రి హరిహరుడు ఆమెకై చీర తెస్తాడు. తల్లి సర్వజయ బావురుమంటుంది. కాని ఆ ఏడుపు మనకు వినిపించదు. దానికి బదులు తార్ షెహనాయి మ్రోగుతుంది. ధ్వనినే నమ్ముకొని బ్రతికే మాబోటివారు ఈ ఘట్టాన్ని పదేపదే వినవలసి ఉన్నది.

అక్క దొంగిలించిన వస్తువు నవలలో చిన్న బంగారు కుంకుమభరిణె. అపు దానిని వెదురుపొదల్లోకి విసిరివేస్తాడు. చిత్రంలో అది హారం. చెరువులో పడగానే నాచు తెరచుకొని, మెల్లగా మూసుకుంటుంది. ఇక్కడ చిత్రానిదే పైచేయి అని నా అభిప్రాయం.

నష్టం లేకపోలేదు. తల్లి భారతం చదువుతుంటే కర్ణుని కోసం కన్నీరు పెట్టుకొనే అపు, ఆ కథనే పొదల వెంట తనలో తాను ఆడుకొనే అపు, తెరమీద దాదాపు లేడు. మెరుపు కాగితపు కిరీటం పెట్టుకొని అద్దంలో చూచుకొనే పిల్లవాడు మిగిలాడు, అంతే. కుటుంబం ఎడ్లబండిలో ఊరు విడిచిపోవడంతో చిత్రం ఆగిపోతుంది. నవల కాశీదాకా సాగుతుంది. ఆ భాగాన్ని రాయ్ 1956 నాటి ‘అపరాజితో’లో అందుకున్నాడు. కర్ణుని మిత్రుడైన ఆ అపు కావాలంటే మాత్రం గ్రంథాన్నే ఆశ్రయించాలి. మద్దిపట్ల సూరి తెలుగు అనువాదం మనకున్నది.