స్లైడ్లు మార్చడానికి పిల్లలు మీ ఫోన్ అడిగితే



ప్రాజెక్ట్ ప్రజెంటేషన్ ఇస్తున్న పిల్లల్ని గమనించే ఉంటారు. ప్రతి స్లైడ్‌కీ లాప్‌టాప్ వైపు వంగుతారు, లేదంటే "నెక్స్ట్... నెక్స్ట్" అని పక్కనున్న ఫ్రెండ్‌కి చెబుతుంటారు. ఈలోగా చెప్పాల్సింది మర్చిపోతారు. ఫోన్‌తోనే స్లైడ్లు మార్చుకుంటే ఎదురుగా ఉన్నవాళ్లని చూస్తూ మాట్లాడొచ్చు. కాకపోతే ఆ ఫోన్ సాధారణంగా మీదే అవుతుంది!

అందుకే ముందుగా ఒక తేడా తెలుసుకోండి. ఫోన్‌ని రిమోట్‌గా వాడితే లాప్‌టాప్‌కి వెళ్లేది "ముందుకు", "వెనక్కి" అనే ఆదేశాలే. స్క్రీన్ కాస్ట్ చేస్తే మాత్రం మీ ఫోన్‌లో కనిపించేదంతా ప్రొజెక్టర్ మీద పడుతుంది, మీకొచ్చే వాట్సాప్ మెసేజ్‌లతో సహా. స్లైడ్లకి కావలసింది మొదటిదే.

ఏది వాడాలన్నది స్లైడ్లు దేంట్లో చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. కాన్వాలో చేసి ఉంటే పని తేలిక. ప్రజెంట్ చేసేటప్పుడు లాప్‌టాప్‌లో వచ్చే రిమోట్ కంట్రోల్ లింక్‌ని ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే సరి. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఒకటే, రెండింటికీ నెట్ ఉండాలి అంతే. మ్యాక్‌లో కీనోట్ వాడేవాళ్లకి ఐఫోన్ కీనోట్ యాప్‌లోనే రిమోట్ ఉంది. విండోస్‌లో పవర్‌పాయింట్ అయితే కేడీఈ కనెక్ట్ అనే ఉచిత యాప్‌ని ఫోన్‌లో, లాప్‌టాప్‌లో వేసుకుని రెండింటినీ జత చేయాలి. అది కీబోర్డ్ మీట నొక్కినట్టే పనిచేస్తుంది కాబట్టి గూగుల్ స్లైడ్స్‌కీ పనికొస్తుంది.

ఇబ్బంది ఎక్కువగా వైఫై దగ్గరే వస్తుంది. కేడీఈ కనెక్ట్‌కి ఫోన్, లాప్‌టాప్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఇంట్లో చక్కగా కలిసినవి స్కూల్‌లో ఒకదానికొకటి కనిపించకపోవచ్చు, ఎందుకంటే చాలాచోట్ల గెస్ట్ వైఫై పరికరాలను విడివిడిగా ఉంచుతుంది. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌ ఆన్ చేసి లాప్‌టాప్‌ని దానికి కలిపి చూడండి. లాప్‌టాప్ స్కూల్‌దైతే యాప్ వేయనిస్తారో లేదో టీచర్‌ని ముందే అడగండి. మమ్మల్ని అడిగితే, యూఎస్‌బీ క్లిక్కర్ దొరికితే దానికి మించింది లేదు. లాప్‌టాప్ దాన్ని కీబోర్డ్ అనుకుంటుంది, యాప్ అక్కర్లేదు.

ఇక మీరు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. ప్లే స్టోర్‌లో "రిమోట్" అని వెతికితే ఎనీడెస్క్ లాంటివీ వస్తాయి. అవి దూరం నుంచి ఫోన్‌నే చూసే, నడిపే యాప్‌లు. వాటికంటూ వేరే ఉపయోగాలున్నాయి గానీ మోసగాళ్లు కూడా వాటిని వాడుకుంటున్నారు. ఎనీడెస్క్‌తో జరిగే యూపీఐ మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా మీరు చూశాకే చేయనివ్వండి.

ముందు రోజు రాత్రి ఇంట్లో ఒకసారి మొత్తం చేయించండి. ఫోన్ మధ్యలో లాక్ అవకుండా స్క్రీన్ టైమ్‌అవుట్ పెంచండి, డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి, ఛార్జింగ్ చూసుకోండి. తర్వాత ఫోన్ తీసి పక్కన పెట్టి, కీబోర్డ్ మీద కుడి బాణం మీటతో ఇంకోసారి చేయించండి. రిమోట్ మొరాయించినా పాప ఆగిపోకూడదు కదా.