వాలీబాల్ సెలక్షన్స్‌కు మీ పిల్లలు సిద్ధమేనా?

మీరు రోగికి తోడుగా ఆసుపత్రిలో ఉంటే, ఇంటి దగ్గర ఉన్న బాబో పాపో స్కూల్ సెలక్షన్స్‌కు సిద్ధమవుతూ ఉండవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో వాలీబాల్ ఆడటానికి రెండు కర్రలు, ఒక నెట్, ఒక బంతి ఉంటే చాలు. అందుకే పల్లె పిల్లలకు ఈ ఆట అందుబాటులో ఉంటుంది. అయితే ఇంట్లో ఒకరు జబ్బుపడి ఉన్నప్పుడు, మళ్లీ ఖర్చు ఎందుకని పిల్లలు తమ నొప్పిని దాచుకుంటారు. ఆ విషయం మీరే అడిగి తెలుసుకోవాలి.

ముందుగా తెలుసుకోవలసినవి

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలుగా జరుగుతాయి. సెలక్షన్ ఏ తేదీన, ఎక్కడ, ఏ స్థాయిలో జరుగుతుందో పి.ఇ.టి. సారును అడగండి. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, బోనఫైడ్, ఫోటోలు ముందే సిద్ధం చేసుకోండి. వయసు తగ్గించి రాయించవద్దు. పట్టుబడితే బిడ్డ ఆటకే దూరమవుతుంది.

ఎంపిక చేసేవారు ఏమి చూస్తారు?

స్మాష్ ఒక్కటే చూస్తారని పిల్లలు అనుకుంటారు. అది నిజం కాదు. సర్వీస్ ప్రతిసారీ నెట్ దాటుతుందా, వచ్చిన బంతిని లిఫ్టర్‌కు చక్కగా అందిస్తున్నారా, కాళ్లు చురుకుగా కదులుతున్నాయా, తోటివారిని పిలుస్తూ ఆడుతున్నారా అని గమనిస్తారు. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, స్త్రీలది 2.24 మీటర్లు. అందువల్ల ఎత్తు ఉన్నవారికి లాభమే. కానీ వెనుక వరుసలో బంతిని కాపాడే లిబరోకు ఎత్తుకంటే చురుకుదనం ముఖ్యం. పొట్టిగా ఉన్నారని పిల్లలను నిరుత్సాహపరచవద్దు.

సాధన ఎలా?

కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. ఆట ముందు 10 - 15 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవాలి. ఎగిరే సాధన వారానికి మూడు రోజులు చాలు. మిగతా రోజుల్లో సర్వీస్, పాస్ నేర్చుకోవాలి. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలి. ఎగిరి దిగేటప్పుడు రెండు పాదాల మీద, మోకాళ్లు కొద్దిగా వంచి దిగడం నేర్పించండి. సిమెంటు నేల మీద ఎగరడం మోకాళ్లకు చేటు. ఎండాకాలంలో ఉదయం, సాయంత్రం మాత్రమే ఆడించండి.

ఆహారం, రక్తం

అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పల్లీలు, జొన్నరొట్టె చాలు. ఖరీదైన పొడులు అవసరం లేదు. సెలక్షన్ రోజున రెండు, మూడు గంటల ముందే తినాలి. ఖాళీ కడుపుతో పంపవద్దు. నీళ్ల సీసా తప్పక ఇవ్వండి.

పాప త్వరగా అలసిపోతుంటే, కళ్లు పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేయించండి. 12 ఏళ్లు దాటిన ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినట్లు వాడాలి. వాటిని టీతో కలిపి వేసుకోకూడదు.

ఈ లక్షణాలుంటే ఆట ఆపి డాక్టరుకు చూపించండి

* పరుగెత్తేటప్పుడు స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, గుండెదడ, తోటివారికంటే ఎక్కువ ఆయాసం.
* కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉండటం.
* గతంలో జ్వరంతో కీళ్లు వాచిన చరిత్ర. గుండె కవాటాలు దెబ్బతిని ఉండవచ్చు.
* మోకాలి చిప్ప కింద వాపు, నొప్పి. రాత్రి నిద్రలో కూడా వచ్చే ఎముక నొప్పి.

"ఎండకు కళ్లు తిరిగాయిలే" అని స్పృహ తప్పడాన్ని తేలికగా తీసుకోవద్దు. ఆడుతూ పడిపోయి పలకకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మడమ బెణికితే

ఆట ఆపించండి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 15 - 20 నిమిషాలు పెట్టండి. బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తుగా ఉంచండి. తోమడం, లాగడం, వేడి కాపడం మొదటి రెండు రోజులు వద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే అవసరం. సెలక్షన్ దగ్గరపడిందని నొప్పి మాత్రలు వేసి ఆడించడం వల్ల చిన్న గాయం పెద్దదవుతుంది.

ఎంపిక కాకపోతే?

ఆ రోజు ఇంట్లో ఎవరూ తిట్టవద్దు, ఇతరులతో పోల్చవద్దు. రెండు రోజుల తర్వాత, ఏది మెరుగుపరచుకోవాలో సారును అడిగి రమ్మనండి. మన పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టు సభ్యుడు. తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణే. వారి కుమార్తె సింధు మాత్రం బ్యాడ్మింటన్ ఎంచుకొని 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం సాధించింది. ఒక ఆటలో చోటు దొరకకపోయినా మరో ఆట ఉంటుంది. బిడ్డ ఆరోగ్యం మాత్రం చెడితే మళ్లీ తేవడం కష్టం. ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "బాగా ఆడావా?" అని అడగండి. దానితో పాటు "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని కూడా అడగండి.