అప్‌డేట్ ఆగిందా? ముందు ఆ నంబరు చదవండి

విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగి, తెర మీద 0ఎక్స్80070070 అని పడిందనుకోండి. అవి అర్థంలేని అంకెలు కావు. 8007 అని మొదలైతే, ఆ లోపం విండోస్ సొంత పట్టికలో ఉన్నదే. చివరి 70 పదహార్ల లెక్కలో రాసిన సంఖ్య. ఏడు పదహార్లు 112. పట్టికలో 112 అంటే డిస్కులో చోటు లేదని. చివర 5 ఒక్కటే ఉంటే అనుమతి లేదని, 2 ఉంటే ఫైలు దొరకలేదని. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించే ముందు ఆ నంబరును ఫొటో తీసి పెట్టుకోండి, చాలా శ్రమ తప్పుతుంది.

చోటు చాలకపోవడం అంగారకుడి మీదా జరిగింది. 2004 జనవరిలో నాసా రోవర్ స్పిరిట్ ఫ్లాష్ మెమరీ ఫైళ్లతో కిక్కిరిసిపోయింది. పాత ఫైళ్లు తుడిచే ప్రోగ్రామును అప్పటికే పంపారు కానీ, అందులో సగమే అందింది. రోవర్ అరవైకి పైగా సార్లు రీబూట్ అయింది. ఇంజినీర్లు దాన్ని ఫ్లాష్ జోలికి పోకుండా లేపి, కారణం తేల్చుకుని, ఆ తర్వాతే మెమరీని ఫార్మాట్ చేశారు. 90 రోజుల కోసం వెళ్లిన ఆ బండి 2010 దాకా కబుర్లు పంపింది!

సి డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా అప్‌డేట్ ఎక్కకపోవచ్చు. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్‌కు కంటికి కనిపించని రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ చోటు కావాల్సి వచ్చింది. అది లేనివాళ్లకు 80070643 అని మాత్రమే కనిపించింది. అసలు కారణం చెప్పని ఇలాంటి కోడ్ చూపడం వాడేవాళ్లను వేధించడమే.

పాత డెస్క్‌టాప్‌లో అప్‌డేట్లేవీ రాకపోతే తెర మూలనున్న గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, చాలావాటిలో సీఆర్2032, అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సర్వర్ భద్రతా సర్టిఫికెట్ చెల్లుబాటు ఇంకా మొదలే కాలేదనుకుని కంప్యూటర్ కనెక్షన్ తెంచేస్తుంది. కొత్త బ్యాటరీ వేసి తేదీ సరిచేస్తే చాలు.

32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా 5 జీబీ ఫైలు ఎక్కడం లేదా? అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండి ఉంటుంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు.

ఆండ్రాయిడ్‌లో ‘యాప్ ఇన్‌స్టాల్ కాలేదు’ అని వస్తే చాలామంది ఫోన్‌నే తప్పుపడతారు. కానీ ఉన్న యాప్ మీద కొత్తది ఎక్కాలంటే రెండింటికీ ఒకే డిజిటల్ సంతకం ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఫైలు) ఎక్కలేదని అసలు బ్యాంకు యాప్‌ను తీసేసి మళ్లీ ప్రయత్నించడం మాత్రం ఎప్పుడూ వద్దు. అడ్డుగా నిలిచిన ఆ ఒక్క కాపలానూ మీ చేత్తో మీరే తొలగించినట్టవుతుంది.

2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క లోపభూయిష్టమైన ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడుకోబెట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలును గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన వాటిలో చాలావరకు ఒక్కోదాని ముందూ మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో ఆ ఫైలును తొలగించాల్సి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావాల్సి వచ్చింది. మీ ల్యాప్‌టాప్‌కూ ఆ తాళం ఉండి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, ఉంటే ఆ కీని ఇవాళే కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరేచోట దాచండి.