4.3 స్త్రీలలో శరీర బరువు, శోథ, హార్మోన్ల సూచికలు

నకిరేకల్ పరిసరాల్లోని నిమ్మతోటల్లో కాయలు కోసే 40 ఏళ్ల స్త్రీని, అదే వయసులో రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరి ఎత్తు 150 సెం.మీ., బరువు 54 కిలోలు అనుకుందాం. బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బి.ఎం.ఐ. వస్తుంది. ఇద్దరికీ అది 24. అయితే మొదటి స్త్రీ నడుము చుట్టుకొలత 74 సెం.మీ., రెండో స్త్రీది 88 సెం.మీ. బరువు ఒకటే అయినా వీరి రక్తపరీక్షల ఫలితాలు వేరుగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకు కారణాలను ఈ విభాగంలో తెలుసుకుందాం.

4.3.1 కొవ్వు కణజాలం

కొవ్వు కణజాలాన్ని చాలాకాలం శక్తిని దాచే గాదెగానే భావించారు. 1994లో లెప్టిన్‌ను కనుగొన్న తరువాత, అది హార్మోన్లను స్రవించే వినాళ గ్రంథిగా కూడా పనిచేస్తుందని స్పష్టమైంది. కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో లెప్టిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పనికి తోడ్పడే అడిపోనెక్టిన్ తగ్గుతుంది.

4.3.2 శోథ

పొట్ట లోపలి కొవ్వు కణాలు ఉబ్బినప్పుడు మాక్రోఫేజ్ కణాలు అక్కడికి చేరతాయి. అక్కడ వెలువడే ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. దెబ్బ తగిలినప్పటి వాపులా ఈ శోథ కంటికి కనిపించదు, నొప్పి పెట్టదు. ఏళ్ల తరబడి కొనసాగి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. హై-సెన్సిటివిటీ పరీక్షలో ఈ ప్రోటీన్ లీటరుకు 1 మి.గ్రా. కంటే తక్కువ ఉంటే గుండెజబ్బు ముప్పు తక్కువగా, 3 మి.గ్రా. దాటితే ఎక్కువగా పరిగణిస్తారు. 10 మి.గ్రా. దాటితే ముందుగా ఇన్‌ఫెక్షన్ వంటి ఇతర కారణాలను చూడాలి. అవి తగ్గాక పరీక్షను మళ్లీ చేయించాలి.

4.3.3 హార్మోన్లు

నడుము దగ్గర కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దానిని భర్తీ చేయడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అధిక ఇన్సులిన్ వల్ల, లైంగిక హార్మోన్లను పట్టి ఉంచే ఎస్.హెచ్.బి.జి. ప్రోటీన్ కాలేయంలో తక్కువగా తయారవుతుంది. ఫలితంగా స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలలో నెలసరి క్రమం తప్పడానికి, ముఖంపై వెంట్రుకలు రావడానికి ఇది ఒక కారణం.

రుతువిరతి తరువాత అండాశయాలు ఈస్ట్రోజెన్ ఉత్పత్తిని దాదాపు ఆపివేస్తాయి. అప్పుడు కొవ్వులోని అరోమటేజ్ ఎంజైము ఆండ్రోజెన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అందుకే ఈ వయసులో అధిక బరువు ఉంటే రొమ్ము, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీకి మళ్లీ రక్తస్రావం కనిపిస్తే, అది కొద్దిపాటిదే అయినా, వెంటనే డాక్టరుకు చూపించాలి.

4.3.4 మన పరిస్థితి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 30 శాతం మంది బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించి ఉంది. సుమారు 19 శాతం మందికి 18.5 కంటే తక్కువ. అంటే పోషణలోపం, అధిక బరువు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే బి.ఎం.ఐ. వద్ద యూరోపియన్ల కంటే భారతీయులలో కొవ్వు శాతం ఎక్కువ. కాబట్టి మన నిపుణులు 2009లో అధిక బరువుకు 23, స్థూలకాయానికి 25 హద్దులుగా సూచించారు. స్త్రీల నడుముకు హద్దు 80 సెం.మీ.

మన ఉదాహరణలో ఇద్దరూ బి.ఎం.ఐ. హద్దును దాటారు. నడుము హద్దును దాటినది రెండో స్త్రీ మాత్రమే. ఆమె బరువులో 5 నుంచి 10 శాతం, అంటే 3 నుంచి 5 కిలోలు తగ్గినా పై సూచికలు మెరుగుపడే అవకాశం ఉంది. తూకంతోపాటు టేపు కూడా అవసరమని గ్రహించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కొవ్వు కణజాలాన్ని వినాళ గ్రంథి అని ఎందుకు అంటారు?
2. రుతువిరతి తరువాత ఈస్ట్రోజెన్ ఎలా తయారవుతుంది?
3. మీ నడుము చుట్టుకొలతను, బి.ఎం.ఐ.ని లెక్కించి, పై హద్దులతో పోల్చండి.