టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చిందా? ఎఫ్‌టీ4 కూడా చూడాలి

ల్యాబ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ 7 అని కనబడగానే ‘ఇక జిందగీ అంతా గోలీలే’ అని ఇల్లంతా పరేషాన్ అవుతుంది. అంత తొందర అక్కర్లేదు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ‘ఇంకా పనిచెయ్’ అని థైరాయిడ్‌కు పంపే హుకుం. థైరాయిడ్ మందగిస్తే అది పెరుగుతుంది, అతిగా పనిచేస్తే తగ్గుతుంది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉంటుంది. ల్యాబును బట్టి కొంచెం అటూఇటూ. థైరాయిడ్ నిజంగా వెనకబడిందా అన్నది ఎఫ్‌టీ4 చెబుతుంది. అది కూడా తగ్గితే మందు కావాలి. అది బాగుండి, టీఎస్‌హెచ్ 10 లోపే ఉంటే డాక్టర్లు చాలాసార్లు రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తారు, యాంటీ టీపీఓ టెస్టు కూడా రాస్తారు. కొందరికి రెండోసారి మామూలుగానే వస్తుంది.

కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి అమ్మ హార్మోనే ఆధారం.

జుట్టు రాలుతోందని బయోటిన్ గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి, అవి రిపోర్టును తారుమారు చేస్తాయి.

కాగజ్‌నగర్ వాళ్లు ఖర్చుకు భయపడి ఆగనక్కర్లేదు. ఆసిఫాబాద్‌లో 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం తెరిచారు. సర్కారీ దవాఖానలో డాక్టరు రాస్తే రక్తం తీసి అక్కడికి పంపుతారు, పైసా తీసుకోరు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి.