రాడార్‌కు లొంగే నేల, లొంగని నీరు

కృష్ణపట్నం రేవులోకి వచ్చే ప్రతి బొగ్గు ఓడలోనూ రెండు తెరలు వెలుగుతూ ఉంటాయి. ఒకటి రాడార్‌ది. ముందున్న ఓడలు, దారి చూపే బోయలు, ఒడ్డు అందులో చుక్కలుగా, గీతలుగా కనిపిస్తాయి. రెండోది ఎకో సౌండర్‌ది. ఓడ అడుగున ఇంకెన్ని మీటర్ల నీరు మిగిలి ఉందో అది చెబుతుంది. మొదటిది రేడియో తరంగాలతో పనిచేస్తుంది, రెండోది శబ్దంతో. మైళ్ల దూరం చూసే రాడార్‌నే కిందికి తిప్పి లోతు కూడా కొలవొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఓడల రాడార్ పంపే తరంగం సముద్రపు నీటిలో కొన్ని మిల్లీమీటర్లు దిగేసరికే సత్తువంతా వేడిగా మారి ఆరిపోతుంది.

ఆ రేవు పక్కనే ఉన్న ముత్తుకూరు చుట్టుపక్కల నేల కూడా నీటికేమీ తీసిపోదు. రొయ్యల గుంటలు, ఉప్పెక్కిన చవుడు భూములు, నీరు నిలిచిన వరి కయ్యలు. తడి, ఉప్పు రెండూ ఉన్న మట్టిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. కరెంటు పారే చోట రేడియో తరంగం నిలవదు. అందుకే ఇలాంటి తీరాల్లో మంచినీటి పొర ఎక్కడుందో, ఉప్పునీరు ఎంతవరకు చొచ్చుకొచ్చిందో చూడాలంటే భూగర్భ శాస్త్రవేత్తలు రాడార్ జోలికి పోరు. నేలలోకి కరెంటు పంపి, దాన్ని నేల ఎంతమేరకు అడ్డుకుంటోందో కొలుస్తారు.

ఇదే తీరం వెంట దక్షిణంగా, తిన్నగా కొలిస్తే 60 కిలోమీటర్ల దూరంలో, శ్రీహరికోట ఉంది. చంద్రుడి నేల కిందికి తొంగిచూసే రెండు రాడార్లు బయల్దేరింది అక్కడి నుంచే. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1తో ఒకటి, 2019 జులై 22న చంద్రయాన్-2తో మరొకటి వెళ్లాయి. ముత్తుకూరు మట్టిలో బెత్తెడు లోతు చూడడానికే ఇబ్బందిపడే తరంగాలు చంద్రుడి మీద మీటర్ల లోతు చూశాయి. అంగారకుడి మంచులోనైతే మరింత పొడవైన తరంగాలు కిలోమీటర్లే దిగాయి. ఈ తేడాకు కారణం చాలావరకు నేలలోనే ఉంది.

తరంగం పొడవు, నేల పొడి

రాడార్ చేసే పని తరంగాన్ని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలవడం. నేలను తాకగానే తరంగంలో కొంత భాగం వెనుదిరుగుతుంది. మిగతాది లోపలికి దిగుతుంది. లోపల ఒక పొర ముగిసి ఇంకో పొర మొదలైన చోట, అంటే మంచు అయిపోయి రాయి వచ్చిన చోట, మళ్లీ కొంత వెనక్కి వస్తుంది. ఈ రెండు ప్రతిధ్వనుల మధ్య ఎడం ఆ పొర లోతును పట్టిస్తుంది. మంచులో రేడియో తరంగం వేగం సెకనుకు దాదాపు 1,68,000 కిలోమీటర్లు. ఒకటిన్నర కిలోమీటర్ల మందం మంచులో దిగి తిరిగి రావడానికి దానికి 18 మైక్రోసెకన్లు చాలు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు.

ఎంత లోతు దిగగలదన్నది ముఖ్యంగా రెండిటి మీద ఆధారపడుతుంది. నేల ఎంత పొడిగా ఉందన్నది ఒకటి, తరంగం ఎంత పొడవుందన్నది మరొకటి. చంద్రుడి మీది ఎండు ధూళిలో తరంగం తన పొడవుకు సుమారు పదింతల లోతుకు పోయి తిరిగి రాగలదని ఒక మోటు లెక్క. అయితే లోతు పెరిగేకొద్దీ చిత్రం మొద్దుబారుతుంది. పొడవాటి తరంగాలతో, అంటే తక్కువ పౌనఃపున్యంలో పనిచేసే రాడార్ దగ్గర దగ్గరగా ఉన్న రెండు పొరలను విడదీసి చూపలేదు. లోతు కావాలో వివరం కావాలో ముందే తేల్చుకోవాలి.

పొడినేల ఎంత ఉదారంగా ఉంటుందో భూమి మీదే ఒకసారి బయటపడింది. 1981 నవంబరులో కొలంబియా స్పేస్ షటిల్ మోసుకెళ్లిన రాడార్ ఈజిప్టు, సూడాన్ సరిహద్దులోని సహారా ఎడారిని చిత్రించింది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 23 సెంటీమీటర్లు. పైన చదునైన ఇసుక తప్ప ఏమీ కనిపించని చోట, రాడార్ చిత్రంలో నదీలోయలు బయటపడ్డాయి. ఒకప్పుడు వానలు కురిసిన సహారాలో పారి, తర్వాత ఇసుక కింద కప్పబడిపోయిన నదులవి. శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి తవ్వి చూసి నిర్ధారించుకున్నారు. అక్కడి ఇసుకలో తేమ దాదాపు లేకపోవడం వల్లే ఇది సాధ్యమైంది.

నీడ వీడని బిలాలు

మరో లోకం అడుగున ఏముందో కక్ష్య నుంచి తొలిసారి రాడార్‌తో చూసింది 1972 డిసెంబరులో, అపోలో-17 యాత్రలో. చంద్రుడి చుట్టూ తిరిగిన నౌకలోని రాడార్, నల్లటి లావా మైదానాల కింద కిలోమీటరు లోతు ప్రాంతంలో పొరలను పట్టుకుంది. మనుషులతో చంద్రయాత్రలు ఆ ఏడాదితో ఆగిపోయాయి, రాడార్ పనీ చాలాకాలం వెనకబడిపోయింది.

చంద్రయాన్-1 వెళ్లేనాటికి ప్రశ్న మారింది. చంద్రుడి ధ్రువాల దగ్గర సూర్యకాంతి ఎన్నడూ పడని బిలాలున్నాయి. చలి అతి తీవ్రంగా ఉండే ఆ గుంతల్లో కోట్ల ఏళ్లుగా మంచు నిలిచి ఉండొచ్చన్నది ఊహ. కెమెరాకు వెలుతురు కావాలి, రాడార్‌కు అక్కర్లేదు. నాసా పంపిన మినీ-సార్ అనే రాడార్ 12.6 సెంటీమీటర్ల తరంగాలతో ఆ చీకట్లోకి చూసింది.

మంచు ఉందని చెప్పడానికి అది వాడిన గుర్తు తరంగం తిరిగే దిశ. మినీ-సార్ పంపే తరంగం మరచుట్టులా తిరుగుతూ సాగుతుంది. మామూలు నేలకు ఒక్కసారి తగిలి వచ్చినప్పుడు ఆ తిరుగుడు తలకిందులవుతుంది. స్వచ్ఛమైన మంచు గుండా వెళ్లినప్పుడు లోపలి పగుళ్ల దగ్గర పలుమార్లు చెదిరి, మొదట తిరిగిన దిశలోనే ఎక్కువగా వెనక్కి వస్తుంది. ఉత్తర ధ్రువం దగ్గర 40కి పైగా చిన్న బిలాల్లో ఈ గుర్తు కనిపించిందని 2010 మార్చిలో నాసా ప్రకటించింది. అది మంచే అయితే, కనీసం 60 కోట్ల టన్నులు ఉండొచ్చని లెక్కగట్టింది.

‘అయితే’ అన్న మాట అక్కడ బరువైనదే. గరుకైన రాళ్ల గుట్టలు కూడా తరంగాన్ని పలుమార్లు చెదరగొట్టి ఇదే గుర్తు చూపగలవు. కొత్తగా ఏర్పడిన బిలంలో రాళ్లు లోపలా బయటా చిమ్మి ఉంటాయి కాబట్టి గుర్తు రెండుచోట్లా కనిపించాలి. ఈ బిలాల్లో లోపల మాత్రమే కనిపించడం మంచు వాదానికి బలం. అయినా కొందరు పరిశోధకులు ఒప్పుకోలేదు. చంద్రయాన్-1 కూడా 312 రోజులకే, 2009 ఆగస్టు 29న మూగబోయింది.

చంద్రయాన్-2 ఆర్బిటర్‌లో అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ తయారుచేసిన రాడార్ ఆ వివాదంలోకి కొత్త ఆధారాలతో దిగింది. అది ఎల్-బ్యాండ్, ఎస్-బ్యాండ్ అనే రెండు తరంగదైర్ఘ్యాల్లో చూస్తుంది. ఎల్-బ్యాండ్ తరంగం సుమారు 24 సెంటీమీటర్లు, ఎస్-బ్యాండ్ అందులో సగం. పొడవాటిది మరింత లోతుకు పోతుంది కనుక రెండింటినీ పోల్చితే పైపొరకూ అడుగుపొరకూ ఉన్న తేడా తెలుస్తుంది. తరంగాన్ని అడ్డంగానూ నిలువుగానూ పంపి, అడ్డంగానూ నిలువుగానూ అందుకుంటుంది కాబట్టి రాయిని, మంచును వేరుచేసే అవకాశం పెరుగుతుంది. చంద్రుడి దగ్గర ఎల్-బ్యాండ్‌లో ఈ పూర్తి పద్ధతి వాడిన తొలి రాడార్ ఇదే. రాత్రి కమ్ముకోకముందే నిద్రపుచ్చిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్‌ను 2023 సెప్టెంబరు 6న చీకట్లోనే చిత్రించింది కూడా ఈ రాడారే.

ఇవే రెండు బ్యాండ్లతో నిసార్ ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచే బయల్దేరింది. దాని చూపు భూమి వైపు. ఇక్కడ తడి మట్టి రాడార్‌ను లోపలికి పోనివ్వదు, కానీ తడి మారేకొద్దీ ప్రతిధ్వని కూడా మారుతుంది. దాంతో లోతుకు అడ్డమైన తేమే నిసార్‌కు కొలవదగ్గ సరుకైంది. పైమట్టిలో ఎంత తేమ ఉందన్న పటాలు అది చేసే పనుల్లో ఒకటి.

పాత సమాచారంలోనూ కొత్త విషయాలు దొరుకుతున్నాయి. మినీ-సార్‌కు తోబుట్టువైన మినీ-ఆర్‌ఎఫ్ నాసా ఆర్బిటర్ నుంచి 2010లో చంద్రుడి మీది ప్రశాంత సాగరంలోని ఒక లోతైన గుంతను చిత్రించింది. ఆ సంకేతాన్ని ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయ బృందం మళ్లీ విశ్లేషించి, గుంత అడుగున పక్కకు సాగే గుహ ఉందని 2024లో ప్రకటించింది. ఏటవాలుగా గుంతలోకి దూరిన తరంగం గుహలోపలి గోడను తాకి వచ్చిందన్నమాట.

అంగారకుడి అడుగున ఏముంది?

కిలోమీటర్ల లోతు చూడాలంటే పొడవాటి తరంగాలు కావాలి. వాటికి పొడవాటి యాంటెన్నాలు కావాలి. యాంటెన్నాలతోనే తంటా. ఐరోపా వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ 2003 జూన్‌లో బయల్దేరింది. దానిలోని మార్సిస్ రాడార్‌కు కొస నుంచి కొసకు 40 మీటర్ల యాంటెన్నా ఉంది. విచ్చుకునేటప్పుడు అది నౌకకే తగులుతుందేమోనన్న భయంతో 2005 మే దాకా తెరవలేదు. తెరిచినప్పుడు ఒక కీలు సరిగా బిగుసుకోలేదు. నౌకను తిప్పి ఆ భాగాన్ని ఎండకు పెట్టారు. వేడికి వ్యాకోచించి కీలు బిగుసుకుంది. 2023 ఏప్రిల్‌లో బృహస్పతి చందమామల వైపు బయల్దేరిన జ్యూస్ నౌకలోనూ ఇదే కథ. దాని 16 మీటర్ల రాడార్ యాంటెన్నా చిన్న పిన్ను దగ్గర ఇరుక్కుని, చివరికి మే 12న విడివడింది.

మార్సిస్ తరంగాల పొడవు 60 మీటర్ల నుంచి 160 మీటర్ల పైదాకా ఉంటుంది. అవి అంగారకుడి దక్షిణ ధ్రువపు మంచుపొరను దాటి అడుగునున్న రాతిని తాకి వచ్చాయి. కొన్నిచోట్ల మందం 3.7 కిలోమీటర్లు. ఆ మంచంతా కరిగితే గ్రహమంతటా 11 మీటర్ల నీరు నిలుస్తుందని 2007లో అంచనా కట్టారు. పొర ఇంత మందంగా ఉన్నా తరంగం దాటిందంటే అది మురికి తక్కువైన, గడ్డకట్టిన నీరేనని అర్థం. గడ్డకట్టిన నీరు రాడార్‌కు దారిస్తుంది, కరిగితే అద్దంలా అడ్డుకుంటుంది.

2018 జులైలో వార్త అయింది ఆ అద్దమే. దక్షిణ ధ్రువం దగ్గర ఒకటిన్నర కిలోమీటర్ల మంచు కింద, 20 కిలోమీటర్ల వెడల్పున, మార్సిస్‌కు చుట్టుపక్కల కంటే మెరిసే ప్రతిధ్వని వచ్చింది. అది ద్రవరూపంలో ఉన్న ఉప్పునీరని ఇటలీ పరిశోధకులు వాదించారు. అంత చలిలో నీరు గడ్డకట్టకుండా ఉండాలంటే లవణాలు దండిగా ఉండాలి. తర్వాత వచ్చిన పరిశోధనలు, కొన్ని రకాల బంకమట్టి కూడా అలాగే మెరవగలదని, పలుచని మంచు పొరలు ఒకదానిపై ఒకటి ఉన్నా ప్రతిధ్వనులు కలిసి బలపడగలవని చూపాయి. అంగారకుడి చుట్టూ తిరిగే నాసా ఆర్బిటర్‌లోని షరాడ్ అనే మరో రాడార్‌కు ఆ ప్రతిధ్వని అందేదే కాదు. 2025లో నౌకను 120 డిగ్రీలు పక్కకు దొర్లించి సంకేతాన్ని బలపరిచాక అదే చోటి నుంచి బలహీనమైన ప్రతిధ్వని వచ్చింది. నీరే అయితే ఇంకా గట్టిగా మెరవాలన్నది ఆ బృందం మాట.

నేల మీద దిగిన రోవర్లు దగ్గరి నుంచి చూస్తున్నాయి. 2019 జనవరిలో చంద్రుడి అవతలి వైపు దిగిన చైనా రోవర్ యూటు-2 రాడార్‌తో 40 మీటర్ల లోతు దాకా ధూళి, రాళ్ల పొరలను చూపింది. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లోని నార్వే రాడార్, ఏటవాలుగా పరుచుకున్న పొరలను బయటపెట్టింది.

ద్రవమైనా అడ్డురాని చోటు

శనిగ్రహం చందమామ టైటన్‌లో ఈ లెక్కంతా తిరగబడుతుంది. అక్కడ సున్నాకు 180 డిగ్రీల దిగువన ఉండే చలిలో మీథేన్ సముద్రాలుగా నిలుస్తుంది. మీథేన్‌లో కరెంటు పారదు. 2013 మేలో కాసిని నౌక 2.2 సెంటీమీటర్ల తరంగాలను లైజియా సముద్రం మీదికి పంపితే ఒకటి కాదు, రెండు ప్రతిధ్వనులు వచ్చాయి. మొదటిది ఉపరితలానిది, రెండోది అడుగుది. లోతు సుమారు 160 మీటర్లు. అదే తరంగం బంగాళాఖాతం నీటిలో చిటికెనవేలి మందమైనా దాటదు.

బృహస్పతి చందమామ యూరోపా దగ్గర పరిస్థితి ఇంత సుఖంగా ఉండదు. 2024 అక్టోబరు 14న బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో బృహస్పతిని చేరాలి. దాని రాడార్ 9, 60 మెగాహెర్ట్జ్‌లలో పనిచేస్తూ, మంచు సహకరిస్తే 30 కిలోమీటర్ల లోతు దాకా చూడగలదు. అడుగున ఉప్పునీటి సముద్రం ఉందన్నది బలమైన నమ్మకం. మంచు లోతుకుపోయేకొద్దీ వెచ్చబడి తరంగాన్ని మింగుతుంది. బృహస్పతి తనంతట తానే వెదజల్లే రేడియో రొద 9 మెగాహెర్ట్జ్ దగ్గర గట్టిగా ఉంటుంది. అందుకే ఆ పౌనఃపున్యాన్ని ప్రధానంగా యూరోపా తానే అడ్డునిలిచే అవతలి పక్కన వాడతారు. క్లిప్పర్ రాడార్ పెద్ద యాంటెన్నాలను భూమి మీద గదిలో పరీక్షించడం వీలుకాక, 2025 మార్చి 1న అంగారకుడి పక్కగా పోతూ తొలిసారి పనిచేయించి చూశారు.

చంద్రుడి ధ్రువాల మంచు సంగతి తేల్చేది మాత్రం చివరికి డ్రిల్లే. ఇస్రో, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా కలిసి చేపట్టిన చంద్రయాన్-5 యాత్రలో ల్యాండర్ మనది, రోవర్ వారిది. దక్షిణ ధ్రువ ప్రాంతంలో తిరిగే ఆ రోవర్ తన రాడార్‌తో నేల కింద ఒకటిన్నర మీటర్ల లోతు దాకా చూస్తూ సాగి, అనువైన చోట అంతే లోతు తవ్వి మట్టి తీసి, వేడిచేసి అందులో నీరెంతో కొలుస్తుంది. ధ్రువాల దగ్గర మంచెంత, రాయెంత అన్న తగవుకు అప్పుడు చేతికి అందే నమూనా ఒకటి ఉంటుంది.