పరిశోధకుని కాలహరణము

తక్కువ ధర యను కొలబద్ద సుద్దముక్కలకు సరిపోవచ్చును, సూక్ష్మదర్శినికి సరిపోదు. కటకము మసకయైనచో కణము కనబడదు. కొనుగోలు కాగితములు బల్లబల్లకు తిరుగుచుండగా, ఐదేండ్ల గడువుగల పరిశోధక వేతనము మాత్రము కరగిపోవుచునే యుండును.

2025 జూన్‌లో కేంద్ర ఆర్థికశాఖ పరిశోధన సంస్థలకు ఈ ముడిని కొంత సడలించినది. కొటేషన్లు లేక నేరుగా కొనదగిన పరిమితి 1 లక్ష రూపాయలనుండి 2 లక్షలకును, కొనుగోలు సంఘము ద్వారా కొనదగినది 10 లక్షలనుండి 25 లక్షలకును పెరిగినది. 200 కోట్లవరకు అంతర్జాతీయ టెండర్లకు అనుమతినిచ్చు అధికారము ఉపకులపతులకు, సంస్థాధిపతులకు దక్కినది.

ప్రజాధనమునకు లెక్క చెప్పవలసినదే. హాజరుపట్టీ నిత్యము నింపు ఉపాధ్యాయులకు ఇది క్రొత్త మాట కాదు. కాని కొన్న పిదప లెక్క చూపుట వేరు, కొనకముందే పది సంతకములకు కాచుకొనుట వేరు. పైగా ఇది కేంద్రపు ఉత్తరువు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ఈ వెసులుబాటు కలిగినది. అదే నగరమునందలి ఉస్మానియా రాష్ట్రప్రభుత్వ విశ్వవిద్యాలయము.